వారానికో అంశం, ఆదివారం రాత్రి ఆందోళన

ప్రశ్న: ఉద్యోగం చేసుకుంటూ తీరిక వేళల్లో ఫోటోలు తీస్తుంటాను. కెమెరా కొని నాలుగేళ్లయింది. వారానికో అంశం ఇచ్చి ఫోటో తీయమనే ఛాలెంజ్‌లో ఆరు నెలల క్రితం చేరాను. సోమవారం అంశం ప్రకటిస్తారు, ఆదివారం అర్ధరాత్రి లోపు ఒక ఫోటో పంపాలి. మొదటి రెండు నెలలు ఎంతో ఉత్సాహంగా గడిచాయి. ఇప్పుడు అంశం చదవగానే దిగులు మొదలవుతోంది. ‘నీడ’, ‘ఎరుపు’ వంటివి ఎలాగో తీశాను గానీ ‘నిరీక్షణ’, ‘ఒంటరితనం’ వంటివి వస్తే వారమంతా ఆలోచించినా ఏమీ తోచదు. చివరికి ఆదివారం రాత్రి బల్ల మీద ఏదో ఒక వస్తువు పెట్టి, తీసి పంపేస్తున్నాను. మూడు వారాలు అదీ చేయలేకపోయాను. తోటివారి ఫోటోలు చూస్తే నాకు అసలు చూపే లేదేమో అనిపిస్తోంది. ఇన్ని నెలల్లో నాకు నచ్చినవి రెండే ఫోటోలు. ఆ రెండూ మా పడకగది కిటికీ దగ్గర పొద్దున్నే అనుకోకుండా తీసినవి, ఏ అంశానికీ చెందనివి. ప్రేరణ కలగాలంటే ఏం చేయాలి? పాత ఫోటోలు పంపితే తప్పా? కొత్త లెన్స్ కొంటే ఉత్సాహం తిరిగి వస్తుందా? లేక మానేయడమే మేలా?

సమాధానం: మానేయాలా వద్దా అన్నది చివర్లో చూద్దాం. ముందు మీ వారం ఎలా గడుస్తోందో చూడండి. సోమవారం అంశం మీ చేతికి వస్తోంది, ఆదివారం రాత్రి కెమెరా మీ చేతికి వస్తోంది. ఈ రెంటి మధ్య ఉన్న ఆరు రోజులూ మీరు ఆలోచన తట్టడం కోసం ఎదురుచూస్తున్నారు. ప్రేరణ కరువైందని మీరు రాశారు గానీ, ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు కనిపించిన చిక్కు వేరు. ఫోటో ముందే మనసులో పూర్తిగా రూపుదిద్దుకోవాలని, అది రూపుదిద్దుకున్నాకే కెమెరా బయటికి తీయాలని మీరు అనుకుంటున్నారు. కాగితం, కలం ఉంటే చాలనుకునే పనుల్లో ఇది కొంతవరకు సాగుతుందేమో. ఫోటోలో మాత్రం ఎదురుగా ఉన్న వస్తువు, దాని మీద పడుతున్న వెలుగు, మీరు నిలబడిన చోటు, ఈ మూడూ కలిసి ఆలోచిస్తాయి. కెమెరా సంచిలో ఉండగా చేసే ఆలోచనకు ఆ మూడింటి సాయమూ ఉండదు.

అందువల్ల నా మొదటి సలహా చాలా మామూలుది. అంశం వచ్చిన రోజే, పడుకునేలోగా, పది నిమిషాలకు మించకుండా ఒక ఫోటో తీసేయండి. ఎవరికైనా మొట్టమొదట తట్టే ఫోటోనే తీయండి: ‘ఎరుపు’ అంటే ఎర్రటి పువ్వు, ‘నిరీక్షణ’ అంటే గడియారం, ‘దారి’ అంటే దూరంగా సన్నబడుతూ పోయే రోడ్డు. అది బాగుండాల్సిన పని లేదు, నిజానికి బాగుండదు కూడా. కానీ దాన్ని తీయకుండా వదిలేస్తే అది వారమంతా మనసులో ఒక మూల కూర్చుని, వచ్చే ప్రతి ఆలోచననూ తనతో పోల్చి చూపిస్తూ ఉంటుంది. తీసేసి, తెర మీద చూసుకుని, ‘ఇది అందరూ తీసేదే’ అని ఒప్పుకున్న మరుక్షణం ఆ చోటు ఖాళీ అవుతుంది. పైగా చేతిలో ఒక ఫోటో ఉంది కనుక ఆదివారం రాత్రి భయం సగానికి సగం తగ్గిపోతుంది. మంగళవారం నుంచి మీరు చేసేదంతా గడువు కోసం చేసే పని కాక, ఉన్నదానికంటే మంచిది వెతకడం అవుతుంది.

ఇక ఇచ్చిన మాటను ఎలా చదవాలన్నది. అవధానంలో దత్తపది అని ఒక అంశం ఉంటుందని మీకు తెలిసే ఉంటుంది. పృచ్ఛకుడు నాలుగు మాటలిస్తాడు, వాటితో బొత్తిగా సంబంధం లేని విషయం చెప్పి, ఆ మాటలన్నీ వచ్చేలా పద్యం చెప్పమంటాడు. అవధాని ఆ మాటల గురించి పద్యం చెప్పడు. వాటిని విరిచి, వేరే మాటల్లో కలిపి, తాను చెప్పదలచిన విషయానికి పనికొచ్చేలా మలుచుకుంటాడు. వారం వారం మీకు వచ్చే అంశాన్ని కూడా అలాగే చూడమని నా సూచన. ‘నీడ’ అన్నది మీ చేతికిచ్చిన ఒక మాట మాత్రమే, మీ ఫోటో విషయం మీరు వేరుగా ఎంచుకోవచ్చు.

ఆ మాటను కాసేపు నోట్లో నానబెట్టండి. తెలుగులో నీడ అంటే గోడ మీద పడే నల్లటి ఆకారమే కాదు. చెట్టు కింద దొరికే చల్లదనం నీడే. ‘నిలువ నీడ లేదు’ అంటే ఇల్లు లేదని. నీడలా వెన్నంటడం ఒకటి, నీడపట్టున బతకడం మరొకటి. ఈ నాలుగూ నాలుగు రకాల ఫోటోలకు దారితీస్తాయి, అందులో రెండింటికి నేల మీద నీడ కనిపించాల్సిన అవసరమే లేదు. ‘అంచు’ అని ఇస్తే కత్తి అంచు ఉంది, కాగితం అంచు ఉంది, బల్ల అంచున పడిపోవడానికి సిద్ధంగా ఉన్న గాజు గ్లాసు ఉంది, నిద్ర అంచున ఉన్న పసిబిడ్డ ముఖం ఉంది. ఒక చిన్న పుస్తకంలో పది నిమిషాలు కూర్చుని పది రాయండి. మొదటి మూడూ అందరికీ వచ్చేవే. నాలుగు, అయిదు దగ్గర పెన్ను ఆగుతుంది. ఆరో దాని నుంచి మీ సొంతవి మొదలవుతాయి.

మాటను అలా విప్పినట్టే వస్తువును కూడా విప్పవచ్చు. నీడనే తీసుకుంటే, ఎండలో నీడ అంచు ఎందుకు ఒకచోట పదునుగా, మరోచోట మసకగా ఉంటుందో ఎప్పుడైనా గమనించారా? సూర్యుడు మనకు చుక్కలా కాక, దాదాపు అర డిగ్రీ వెడల్పున్న బిళ్లలా కనిపిస్తాడు. దానివల్ల గోడకు ఆనుకుని ఉన్న వస్తువు నీడ కత్తితో కోసినట్టు పడుతుంది. మీటరు దూరంలో ఉన్నదాని నీడ అంచు మాత్రం సుమారు సెంటీమీటరు మేర కరిగిపోతుంది. ఒకే కొమ్మ మీద దగ్గరి ఆకు నీడ పదునుగా, దూరపు ఆకు నీడ పొగలా పడటం ఇందువల్లే. ఈ సంగతి తెలిశాక ఒక గోడ ముందు అరగంట నిలబడటం విసుగనిపించదు. ‘ప్రేరణ’ అని మనం పెద్ద పేరు పెట్టుకున్నది చాలాసార్లు ఇలాంటి చిన్న కుతూహలమే.

ఒకే వస్తువు దగ్గర ఎంతసేపు ఉండవచ్చన్నదానికి ఒక ఉదాహరణ చెబుతాను. అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ 1930 ఆగస్టులో కొద్ది రోజుల పాటు క్యాప్సికం కాయలనే తీస్తూ కూర్చున్నాడు. కనీసం 30 నెగటివ్‌లు తీశాడు. రకరకాల నేపథ్యాలు పెట్టి చూసి, చివరికి ఒక కాయను పెద్ద రేకు గరాటులో పెట్టాడు. ఆ గరాటు లోపలి గోడలు వెలుగును అన్ని వైపుల నుంచీ కాయ మీదకు మళ్లించాయి. అది చూసినవారికి కాయ కన్నా ముందు కండలు తిరిగిన మనిషి దేహం స్ఫురిస్తుంది. ఆ ఫోటోకు మిగిలిన పేరు ‘పెప్పర్ నంబర్ 30’. నాకు ఆ ఫోటో ఎంత ఇష్టమో, ఆ పేరులోని అంకె అంతకంటే ఇష్టం. ఆదివారం రాత్రి బల్ల మీద వస్తువు పెట్టి తీయడంలో తప్పేమీ లేదు. వెస్టన్ చేసిందీ దాదాపు అదే. మీరు ఒకటో రెండో తీసి పంపేస్తున్నారు, తేడా అక్కడుంది.

‘నిరీక్షణ’, ‘ఒంటరితనం’ వంటి అంశాల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మిమ్మల్ని ఎక్కువగా కుంగదీస్తున్నవి అవే. ఇలాంటి భావవాచకం ఇచ్చినప్పుడు ఆ భావాన్ని ముఖంలో చూపించే మనిషి కోసం వెతకడం సహజం. ఒంటరితనం అనగానే ఖాళీ బెంచీ మీద వెనుదిరిగి కూర్చున్న మనిషి, సాయంత్రపు ఆకాశం ముందు నల్లటి ఆకారం. ఇవి అరిగిపోయిన చిత్రాలన్నది ఒక ఇబ్బంది. నాకు అంతకంటే పెద్దదిగా తోచే ఇబ్బంది మరొకటుంది. పార్కులో తన మానాన తాను కూర్చున్న ఒక అపరిచితుణ్ణి తీసి, దాని కింద ‘ఒంటరితనం’ అని రాయడం అతని గురించి మనకు తెలియని మాట చెప్పడమే. అతను భోజనం ముగించుకుని హాయిగా గాలి పీల్చుకుంటున్నాడేమో! అనుమతి అడగకుండా, అడిగినా పెట్టబోయే పేరు చెప్పకుండా, మనుషులను మన అంశానికి బొమ్మలుగా వాడుకోవద్దని నా గట్టి అభిప్రాయం.

దానికి బదులు ఆ భావం వస్తువుల మీద ఏ ఆనవాలు వదులుతుందో వెతకండి. ఎదురుచూసిన మనిషి లేచి వెళ్లాక ఏం మిగులుతుంది? నొక్కుకుపోయిన దిండు, చల్లారి పైన పొర కట్టిన కప్పు, తలుపు దగ్గర ఒకే చోట అరిగిన నేల. చాలా ఏళ్ల క్రితం నాకు ‘నిశ్శబ్దం’ అనే అంశం వచ్చింది. నాలుగు రోజులు ఖాళీ గదులు, ఖాళీ కుర్చీలు, మూసిన పుస్తకాలు తీశాను; ఒక్కటీ నిశ్శబ్దంగా లేదు, అన్నీ నిశ్శబ్దం నటిస్తున్నట్టు ఉన్నాయి. అయిదో రోజు గోడ గడియారం చెడిపోయి బాగుచేతకు వెళ్లింది. అది ఉన్న చోట, దుమ్ము పట్టని తెల్లటి గుండ్రటి మచ్చ, దాని పైన ఒక మేకు. రోజూ వినిపించే టిక్కుటిక్కు ఆగిపోయిందన్న సంగతి నాకు ఆ మచ్చ చూశాకే తెలిసింది. ఆ ఫోటో ఎవరికీ పెద్దగా నచ్చలేదు. నేను మాత్రం దాన్ని ఇంకా దాచుకున్నాను. మొదటి నాలుగు రోజులూ ఆ చెత్త ఫోటోలు తీసి ఉండకపోతే, అయిదో రోజు ఆ గోడ ముందు నుంచి చూడకుండానే నడిచిపోయేవాణ్ణని నా నమ్మకం.

భావం ఏదీ పలకని వారాలు కూడా వస్తాయి. అప్పుడు అంశాన్ని పక్కకు నెట్టి, దానికి అనుబంధంగా ఒక సాంకేతిక ప్రశ్న పెట్టుకోండి. వారం వృథా కాదు. ‘తెలుపు’ వస్తే, కెమెరా తెల్లటి గోడను ఎందుకు బూడిద రంగులో చూపిస్తుందో తేల్చుకోండి. కెమెరాలో వెలుగును కొలిచే మీటరు, ఎదురుగా ఉన్నదంతా మధ్యరకం బూడిద రంగని భావించి లెక్క కడుతుంది కనుక తెల్లటి వాటికి ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వెళ్లే వెలుగు) ఒక స్టాప్, అంటే రెట్టింపు, పెంచి, నల్లటి వాటికి ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గించి చూడండి. ‘ప్రతిబింబం’ వస్తే ఫోకస్ గురించి తెలుసుకోవడానికి అదే అదను. మీకు రెండు మీటర్ల దూరంలో ఉన్న అద్దంలో, ఆ అద్దానికి మూడు మీటర్ల దూరంలో ఉన్న కుర్చీ కనిపిస్తుంటే, కుర్చీ స్పష్టంగా రావాలంటే ఫోకస్ అయిదు మీటర్ల దగ్గర ఉండాలి. రెండు మీటర్ల దగ్గర పెడితే అద్దం మీది దుమ్ము స్పష్టంగా వస్తుంది. ఈ రెండూ రెండు వేర్వేరు ఫోటోలు, ఏది కావాలో నిర్ణయించేది మీరు. ‘వేగం’ వస్తే షట్టర్ స్పీడ్ (షట్టర్ తెరిచి ఉండే సమయం) 1/500 సెకను దగ్గర వదిలేయకుండా 1/30కి, ఆపైన 1/15కి తగ్గించి, కదులుతున్న సైకిల్‌తో పాటు కెమెరాను తిప్పుతూ తీయండి. మొదటి యాభై పాడవుతాయి. పాడవనివ్వండి.

లెన్స్ సంగతి. కొత్త లెన్స్ వచ్చిన రెండు వారాలు ఉత్సాహం వస్తుంది, అందులో సందేహం లేదు. మూడో వారం ‘ఒంటరితనం’ మళ్లీ అలాగే ఎదురు నిలుస్తుంది. మీ దగ్గర జూమ్ లెన్స్ ఉంటే దాన్ని ఒకే ఫోకల్ లెంగ్త్ (దృశ్యం ఎంత దగ్గరగా, ఎంత వెడల్పుగా పడాలో నిర్ణయించే కొలత) దగ్గర ఉంచి నెల రోజులు అక్కడి నుంచి కదపకండి. ముందుకూ వెనక్కూ నడవడం మీ కాళ్ల పని అవుతుంది, కొన్నాళ్లకు కెమెరా ఎత్తకముందే ఫ్రేమ్‌లో ఏది పడుతుందో కంటికి తెలిసిపోతుంది. ఫోన్‌తో తీసినా ఇదే నియమం పెట్టుకోవచ్చు. కొత్తగా తీయదగ్గ వస్తువులు, చోట్లు నాకు అందుబాటులో లేవన్న బెంగ కూడా మీ మాటల వెనక ఉన్నట్టు నాకు తోచింది, పొరబడితే మన్నించండి. అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ తీసిన పోర్ట్రెయిట్‌ల బలం ఎదుట కూర్చున్నవారి మీద అతనికున్న పట్టు వల్ల వచ్చిందని ఒక రచయిత అన్నప్పుడు, స్టీగ్లిట్జ్ 1922లో మేఘాలను తీయడం మొదలుపెట్టాడు. మేఘాలు అందరికీ ఉన్నవే, వాటి మీద ఎవరి పట్టూ చెల్లదు, వాటికి టికెట్టూ లేదు. అలా మొదలైన పనిని పదేళ్లకు పైగా కొనసాగించాడు.

పాత ఫోటోలు పంపడం నియమాలకు విరుద్ధం కాకపోతే తప్పేమీ కాదు గానీ, నేనైతే వద్దంటాను. వారం ఆఖరున పాతది దొరుకుతుందన్న భరోసా ఉంటే వారం మధ్యలో కెమెరా బయటికి రాదు. తప్పిపోయిన మూడు వారాలను మాత్రం తప్పిపోయినట్టే వదిలేయండి. వాటిని ఇప్పుడు పూడ్చాలనుకుంటే సరదా కాస్తా అప్పుగా మారుతుంది. ఏడాదికి 52 వారాలు. అందులో పది ఫోటోలు మీరు గోడకు తగిలించుకోదగ్గవిగా వస్తే అది చాలా మంచి ఏడాది అని నా లెక్క.

తోటివారి ఫోటోలతో పోల్చుకోవడం గురించి ఒక మాట. మీరు చూస్తున్నది ఒక్కొక్కరు వారమంతా తీసినవాటిలోంచి ఏరుకున్న ఒకే ఒక్కటి, దాన్ని మీరు పోల్చేది మీ దగ్గరున్న మొత్తంతో. అదీ కాక వేలి గోరంత సైజులో వరుసగా చూసేటప్పుడు ముదురు రంగు, మధ్యలో ఒక్క వస్తువు, బలమైన వెలుగు ఉన్నవే కంటికి ఆనతాయి. నెమ్మదిగా చూడవలసిన ఫోటో అక్కడ ఓడిపోతుంది. కాబట్టి మీది పంపేదాకా ఎవరివీ చూడకండి. పంపాక రెండే రెండు ఎంచుకుని, ఒక్కో దాని ముందు అయిదు నిమిషాలు కూర్చోండి. వెలుగు ఏ వైపు నుంచి వస్తోంది, తీసిన మనిషి ఎక్కడ, ఎంత ఎత్తులో నిలబడ్డాడు, ఫ్రేమ్ అంచు దేన్ని కోసేసింది అని అడగండి. మెచ్చుకోళ్ల సంఖ్య చూడటం మానమని చెప్పను, చెప్పినా ఎవరూ మానరు.

చివరికి మానేయడం సంగతి. మీకు నచ్చిన రెండు ఫోటోలూ పడకగది కిటికీ దగ్గరివేనని, అవి ఏ అంశానికీ చెందవని ఏదో తప్పు చేసినట్టు రాశారు. నాకు మీ ఉత్తరం మొత్తంలో అన్నిటికంటే ఆసక్తి కలిగించిన వాక్యం అదే. చెక్ ఫోటోగ్రాఫర్ యోసెఫ్ సుడెక్ 1940 నుంచి 1954 దాకా ప్రాగ్‌లో తన స్టూడియో కిటికీని తీస్తూ వచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడి చేయి పోగొట్టుకున్న మనిషి ఆయన. అద్దం మీది ఆవిరి, దిగజారే నీటి చుక్కలు, మంచు, దాని వెనక తోటలో మెలితిరిగిన ఒక చెట్టు, ఇవే ఆయన సరుకు. ఆ కిటికీని ఎవరూ ఆయనకు అంశంగా ఇవ్వలేదు. వారం వారం ఇతరులు ఇచ్చే మాటలతో కసరత్తు చేస్తూ పోతే, ఏదో ఒక రోజు మనకు మనమే ఇచ్చుకోదగ్గ మాట బయటపడుతుంది. మీ విషయంలో అది కిటికీ అని ఇప్పుడే తేల్చను. రెండు ఫోటోలు అందుకు చాలవు. కానీ అనుమానించడానికి చాలు.

కాబట్టి ఇప్పుడే మానకండి, ఇప్పటిలా కొనసాగనూ వద్దు. రాబోయే ఎనిమిది వారాలు, అంశం ఏదైనా సరే, సోమవారం రాత్రి అందరూ తీసే ఫోటో ఒకటి తీసి పక్కన పెట్టండి. ఆ తర్వాత రోజూ పొద్దున్న కనీసం పావుగంట మీ పడకగది కిటికీ దగ్గర, ఒకే ఫోకల్ లెంగ్త్‌తో, ఆ వారం మాటను మనసులో పెట్టుకుని తీయండి. ‘ఎరుపు’ వచ్చిన వారం కిటికీలో ఎరుపు ఎక్కడ ఉంటుందో వెతకండి. సూర్యుడు పైకి వచ్చేలోగా అది కర్టెన్ మడతల్లో రెండు నిమిషాలు ఉండి పోతుందేమో. ‘నిరీక్షణ’ మళ్లీ వస్తే మీరు చేయాల్సిందల్లా ఆ వెలుగు కోసం కెమెరాతో ఎదురుచూడటమే. ఎనిమిది వారాల తర్వాత ఫోటోలన్నీ చిన్న ప్రింట్లుగా వేయించి నేల మీద పరచండి, వెనక రాసిన అంశాల పేర్లు కనిపించకుండా బొమ్మ వైపు పైకి ఉంచి చూడండి. కిటికీ ఫోటోలు ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నట్టు అనిపిస్తే ఛాలెంజ్‌కు సెలవు చెప్పి కిటికీతోనే ఉండిపోండి. అలా అనిపించకపోతే, తొమ్మిదో సోమవారం ఇంకో మాట ఎలాగూ వస్తుంది.